కోర్టు మా చెల్లి కేసుని మీడియేషన్‌కి పంపింది, లోపల అసలు ఏం జరుగుతుంది?

తెనాలి అన్నయ్య | సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు అవసరం పడి రాస్తున్నాను. మా చెల్లికి పెళ్లై ఆరేళ్లు, నాలుగేళ్ల పాప ఉంది. ఏడాదిన్నరగా తల్లీ పాపా మా ఇంట్లోనే ఉంటున్నారు. బావ విడాకులకి వేశాడు, చెల్లి మనోవర్తికి వేసింది. పోయిన వాయిదాలో జడ్జిగారు ఇద్దరినీ దగ్గరికి పిలిచి, మీడియేషన్‌లో కూర్చుని మాట్లాడుకోండి అని పంపారు. వచ్చే నెల రెండో వారంలో మొదటి సిట్టింగ్.

కేసు దాకా రాకముందు ఊళ్లో పెద్దమనుషుల దగ్గర ఒకసారి కూర్చున్నాం. మా పెదనాన్న వాళ్ల అరుగు మీద పది మంది మగవాళ్లు, చెల్లి మాత్రం లోపల వంటింట్లో. సాయంత్రానికి "పిల్లని పంపండి, అబ్బాయికి మేం చెబుతాం" అని తేల్చారు. పంపాం. నలభై రోజులకి పాపని ఎత్తుకుని రాత్రి బస్సులో ఒక్కతే తిరిగొచ్చింది. అందుకే మీడియేషన్ అనగానే నాన్న "మళ్లీ అదేగా" అంటున్నారు. అమ్మేమో ఈసారైనా కలుపుతారని ఆశపడుతోంది. చెల్లికి అదే భయం, కలిపేస్తారేమోనని. మూడు రోజులుగా అన్నం ముందు కూర్చుని లేచి వెళ్లిపోతోంది.

లాయరుగారు "వెళ్లండి, కుదిరితే కుదురుతుంది, లేకపోతే కేసు నడుస్తుంది" అని అంతటితో ఆపేశారు. ఆ మధ్యవర్తి తీర్పు చెబుతాడా? నేను పక్కన కూర్చోవచ్చా? చెల్లి అక్కడ ఏడుస్తూ ఏదైనా చెప్పేస్తే రేపు కోర్టులో దాన్నే పట్టుకుని వాదిస్తారా? తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.


సుజాత_మలక్‌పేట | సోమవారం రాత్రి 11:30

తమ్ముడూ, నేను అందులోంచే బయటికి వచ్చాను కాబట్టి నాకు జరిగింది చెబుతాను. నాలుగు సిట్టింగులు అయ్యాయి మాకు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను కూడా మీ చెల్లిలాగే చేతులు చల్లబడిపోయి కూర్చున్నాను. ఎదురుగా జడ్జి కుర్చీ లాంటిదేమీ లేదు, ఒక గుండ్రటి బల్ల, నీళ్ల సీసాలు, ఆయన, నేను, మా లాయర్లు, మధ్యవర్తి అంతే. ఆ మధ్యవర్తి ఆవిడ ముందుగా చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "నేను జడ్జిని కాదు, ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదు, మీ ఇద్దరూ ఒప్పుకోనిదేదీ ఇక్కడ జరగదు" అన్నారు.

తర్వాత మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టారు. నేను గంట మాట్లాడాను, అందులో అరగంట ఏడుపే. మూడేళ్లలో పోలీస్ స్టేషన్లో, బంధువుల ఇళ్లలో, కోర్టులో అందరూ "ఏం జరిగింది" అని అడిగారు తప్ప "నీకేం కావాలమ్మా" అని అడిగినవాళ్లు లేరు, ఈవిడే మొదటి మనిషి. నాకు వెంటనే జవాబు రాలేదు కూడా. చివర్లో ఇంకో మాట అడిగారు: ఇప్పుడు నువ్వు చెప్పినవాటిలో ఆయనకి చెప్పొచ్చేవి ఏవి, చెప్పకూడనివి ఏవి అని. నేను చెప్పొద్దన్న రెండు విషయాలు ఆయనకి ఈరోజు వరకు తెలియవు.

మేం కలవలేదు. విడిపోయాం. కానీ బాబు స్కూల్ ఫీజు ఎవరు కట్టాలి, దసరా ఎక్కడ, సంక్రాంతి ఎక్కడ, వాడికి జ్వరం వస్తే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి ఇవన్నీ రాసుకుని విడిపోయాం. మీ చెల్లికి చెప్పు, కలిపేయడానికి అక్కడ ఎవరూ తాడు పట్టుకుని కూర్చోరు.


కరీంనగర్ మేష్టారు | మంగళవారం ఉదయం 6:15

బాబూ, మీ అరుగు మీద కూర్చున్న పది మందిలో ఒకడి లాంటి వాడిని నేను. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను, మా మండలంలో ఎన్నో భార్యాభర్తల పంచాయితీలు చేశాను. పిల్లవాడి తరఫు నలుగురు, పిల్ల తరఫు నలుగురు, మధ్యలో నేను. ఇరువైపులా డిపాజిట్ పెట్టించేవాళ్లం, మాట తప్పితే ఆ డబ్బు పోతుందని. బయటికి చూస్తే పెద్దరికం. లోపల జరిగేది ఏమిటంటే కట్నంలో ఎంత బాకీ ఉంది, బండి పెట్టారా లేదా, ఆడపడుచు లాంఛనాలు ఇచ్చారా లేదా, ఇవే లెక్కలు. చివరికి "సర్దుకుపోవాలె బిడ్డా" అని పంపేవాళ్లం.

ఒక పంచాయితీ నన్ను ఇప్పటికీ వదలదు. ఆ పిల్లని పంపించాం, ఆరు నెలలకు చేయి విరిగి ఆసుపత్రిలో ఉందని తెలిసింది. చూడబోతే ఆమె నన్ను తిట్టలేదు. "సార్, మీరు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని" అన్నది. నిజమే, మేం ఆమె తండ్రిని అడిగాం, మేనమామని అడిగాం, ఆమెను అడగలేదు. ఆ తర్వాత నేను పంచాయితీలకు పోవుడు బంద్ చేశాను.

మీ నాన్నగారి అనుమానం నాకు అర్థమవుతుంది. కానీ కోర్టు పంపే మీడియేషన్ ఇది కాదు. మా కోడలి తమ్ముడి విషయంలో దగ్గరుండి చూశాను. తేడా ఉంది.


బెజవాడ వకీలు | మంగళవారం మధ్యాహ్నం 2:05

నేను అడ్వకేట్‌ని, శిక్షణ పొందిన మీడియేటర్‌ని కూడా. కాస్త పెద్ద జవాబే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మాట దగ్గరే చిక్కు ఉంది. తెలుగులో సంబంధం కుదిర్చినాయన్నీ మధ్యవర్తి అంటాం, పొలం గట్టు తగాదా తీర్చినాయన్నీ మధ్యవర్తి అంటాం, పేపర్లవాళ్లు ఆర్బిట్రేషన్‌నీ మధ్యవర్తిత్వం అనే రాస్తారు. ఆర్బిట్రేటర్ తీర్పు ఇస్తాడు, అది కట్టుబాటు. మీడియేటర్‌కి తీర్పు ఇచ్చే అధికారమే లేదు. లోక్ అదాలత్ ఇంకొకటి, అక్కడ రాజీ కుదిరితే అవార్డు ఇస్తారు, దానికి డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలర్ అని మరొకరు ఉంటారు, వాళ్లు కూడా వేరు. ఈ నలుగురినీ ఒకే గాటన కట్టి జనం భయపడుతుంటారు.

కుటుంబ తగాదాల్లో రాజీకి ముందు ప్రయత్నించాలన్నది జడ్జిగారి దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలో 9వ సెక్షన్ అదే చెబుతుంది. దీన్ని గట్టిగా అమలు చేయమని సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన రాష్ట్రం నుంచి వెళ్లిందే. 1999లో పెళ్లి, కట్నం డబ్బు దగ్గర గొడవ, నాలుగు రోజులు కూడా నిలవని కాపురం, ఆ తర్వాత ఒకరి మీద ఒకరు కేసుల మీద కేసులు, 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విడాకులు ఇచ్చేదాకా. కె. శ్రీనివాసరావు, డి.ఏ. దీప కేసు అంటారు దాన్ని. మొదట్లోనే ఎవరైనా కూర్చోబెట్టి మాట్లాడించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో అని కోర్టు బాధపడింది. కౌన్సెలర్ దగ్గర కుదరకపోయినా ఇరువైపులా ఒప్పుకుంటే మీడియేషన్‌కి పంపమని, 498ఏ కేసుల్లో (భార్యని భర్త, అత్తింటివాళ్లు వేధించారని పెట్టేవి, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్) కూడా రాజీకి వీలుంటే పంపమని, కేసు వేయకముందే వచ్చేవాళ్ల కోసం మీడియేషన్ సెంటర్లలో హెల్ప్ డెస్క్ పెట్టమని చెప్పింది. ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఆ పద్నాలుగేళ్లే కళ్ల ముందు కదులుతాయి.

ఇక మీ ప్రశ్నలు. మేం ఈ పనిలోకి రావాలంటే సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ పద్ధతిలో 40 గంటల శిక్షణ తీసుకోవాలి, అందులో సగం మాట్లాడడం కాదు, వినడం నేర్పడమే. తీర్పు చెప్పం. మీరు వెంట రావచ్చు, మొదట పది నిమిషాలు కూర్చోబెడతారు, తర్వాత బయట ఉండమంటారు, దానికి బాధపడొద్దు. మీరు పక్కనుంటే మీ చెల్లెలు మీ పరువు చూసుకుని మాట్లాడుతుంది, తన మనసులోది రాదు. లోపల చెప్పినవి గోప్యం. అవి కోర్టులో సాక్ష్యంగా పనికిరావు, నన్ను సాక్షిగా పిలిచి అడగడానికీ వీల్లేదు. కుదరకపోతే నేను కోర్టుకి పంపే కాగితంలో ఉండేది ఒక్కటే ముక్క, రాజీ కుదరలేదు అని. ఎవరి వల్ల కుదరలేదో రాయను. కోర్టు పంపిన మీడియేషన్‌కి మీరు ఫీజు కట్టక్కర్లేదు.


విశాఖ కుర్రాడు | మంగళవారం సాయంత్రం 7:48

వకీలుగారూ, మీరు చెప్పింది పుస్తకంలో మాట. నా అనుభవం వేరు. మా మధ్యవర్తికి ఆరోజు ఇంకో మూడు ఫైళ్లు ఉన్నాయి, మాకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. కూర్చోగానే "అబ్బాయివి, నువ్వే ఒక మెట్టు దిగాలి" అన్నారు. రెండోసారి ఒక అంకె చెప్పి, "ఇది ఇచ్చేసి బయటపడు, లేకపోతే పదేళ్లు తిరుగుతావు" అన్నారు. నా జీతం ఎంతో అడగలేదు, అమ్మానాన్నలకి నేనొక్కణ్నే ఆధారమని చెప్పబోతే వినలేదు. బయటికి వచ్చి కారిడార్లో గోడకి ఆనుకుని నిలబడిపోయాను. సంతకం పెట్టలేదు. మీడియేషన్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.


బెజవాడ వకీలు | మంగళవారం రాత్రి 9:20

మీకు జరిగింది మీడియేషన్ కాదు తమ్ముడూ, బేరం. దాన్ని వెనకేసుకురాను. మధ్యవర్తి నోట అంకె రాకూడదు. రావాల్సిన ప్రశ్న "ఈ అంకె ఎలా వచ్చింది, ఇద్దరి ఖర్చులూ ఆదాయాలూ ఎంత" అని. 2020 నవంబర్లో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు భరణం అడిగేవాళ్లూ ఇచ్చేవాళ్లూ ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్ వేయాలని చెప్పింది. ఆ రెండు కాగితాలు బల్ల మీద పెట్టుకుంటే సగం అరుపులు తగ్గుతాయి, ఇది నేను ప్రతి నెలా చూస్తున్నదే.

ఎవరికైనా ఇలా జరిగితే చేయగలిగింది ఉంది. లేచి రావచ్చు. మీ లాయరు ద్వారా వేరే మీడియేటర్‌ని అడగవచ్చు. ఏ కాగితం మీదా అక్కడికక్కడే సంతకం పెట్టక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్లి రెండు రోజులు చదువుకుని వస్తానంటే కాదనే హక్కు ఎవరికీ లేదు. మీరు సంతకం పెట్టకుండా వచ్చారు చూడండి, అది మీ హక్కే.


నీలిమ_ఆర్ | బుధవారం ఉదయం 8:10

నేను కొన్నేళ్లుగా ఇబ్బందుల్లో ఉన్న ఆడవాళ్లతో పనిచేస్తున్నాను. ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. తెనాలి అన్నగారూ, మీ చెల్లెలు ఆ రాత్రి బస్సులో ఎందుకు వచ్చేసింది? ఇక్కడ చెప్పక్కర్లేదు. కానీ మీకు తెలుసా?

ఎందుకంటే మీడియేషన్ నిలబడేది ఇద్దరూ భయం లేకుండా మాట్లాడగలిగినప్పుడే. భర్త గొంతు సవరించుకుంటేనే ఉలిక్కిపడే అమ్మాయిని అదే బల్ల దగ్గర కూర్చోబెట్టి "నీకేం కావాలి" అంటే ఆమె చెప్పే జవాబు ఆమెది కాదు. కొట్టడం, బెదిరించడం, ఫోన్ లాక్కోవడం, డబ్బు చేతికి ఇవ్వకపోవడం ఇలాంటివి ఏమున్నా సిట్టింగ్‌కి ముందే మీడియేటర్‌కి చెప్పాలి. ఒకే గదిలో కూర్చోను, ముందు నుంచే విడిగా మాట్లాడతాను అని అడగవచ్చు. వచ్చే వేళ, వెళ్లే వేళ వేరు పెట్టమనవచ్చు. అసలు ఈ పరిస్థితుల్లో మీడియేషన్ వద్దు అని కూడా చెప్పవచ్చు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వులు, ఉండడానికి ఇల్లు, డబ్బు అడగడం అనేవి రాజీ మాటలతో ముడిపెట్టాల్సినవి కావు. అవి ముందు తెచ్చుకుని తర్వాత మాట్లాడుకోవచ్చు. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. లాయరు ఖర్చు భరించలేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100, అక్కడ ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఇస్తారు.

మేష్టారుగారూ, మీరు రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఇంత నిజాయితీగా చెప్పే పెద్దవాళ్లు తక్కువ.


పాలకొల్లు శేషు | బుధవారం ఉదయం 11:02

అందరూ విడిపోవడం గురించే రాస్తున్నారు, కలిసినవాళ్లు లేరా? 2021లో మన గుంటూరు వైపు దంపతులని సుప్రీంకోర్టులో జస్టిస్ ఎన్.వి. రమణగారు కలిపారు కదా. ఇరవై ఏళ్ల గొడవ. ఆవిడకి ఇంగ్లీషు రాదంటే ఆయనే తెలుగులో మాట్లాడారు, భర్త జైలుకి పోతే ఉద్యోగం పోతుంది, నీకు నెలనెలా వచ్చేదీ పోతుంది కదమ్మా అని నచ్చజెప్పారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. పెద్దవాళ్లు గట్టిగా చెబితే వినే కాపురాలు ఇప్పటికీ ఉన్నాయి. నా ఉద్దేశంలో మధ్యవర్తి అంటే కలపాలనే కూర్చోవాలి.


నీలిమ_ఆర్ | బుధవారం మధ్యాహ్నం 1:15

శేషుగారూ, ఆ వార్త నేనూ చదివాను. అందులో నాకు గొప్పగా అనిపించింది వాళ్లు కలవడం కాదు, ఆవిడతో ఆవిడ భాషలో మాట్లాడడం. ఇరవై ఏళ్లలో తన కేసులో ఏం జరుగుతోందో తనకి తెలిసిన భాషలో దేశంలో పెద్ద జడ్జి చెబితే వినడం ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. కానీ ఆయన జడ్జి. జడ్జి స్థానంలో ఉన్న మనిషి నచ్చజెబితే కాదనడం అందరి వల్లా అవుతుందా? మధ్యవర్తికి ఆ బరువు ఉండకూడదనే నా మాట. కలపాలని ముందే అనుకుని కూర్చున్నవాళ్లకి వినాల్సినవి సగం వినపడవు.


కరీంనగర్ మేష్టారు | బుధవారం మధ్యాహ్నం 3:40

శేషు గారు, మేం కూడా కలపాలనే కూర్చునేవాళ్లం. పైన రాశాను.


పాలకొల్లు శేషు | బుధవారం సాయంత్రం 5:26

మేష్టారూ, మీ పోస్టు మళ్లీ చదివాను. విడాకులు తేలిక కాకూడదని నేను ఇప్పటికీ అనుకుంటాను, అది వేరే సంగతి. కానీ పిల్లని అడగకుండా పంపకూడదన్నది ఒప్పుకుంటాను. మా ఇంట్లోనూ ఒకసారి అలాగే పంపాం.


ఆదివారం నాన్న | బుధవారం రాత్రి 10:55

పిల్లల గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. కోర్టు ఆర్డరు ప్రకారం నెలకి రెండు ఆదివారాలు, కోర్టులోనే ఒక గదిలో రెండు గంటలు చూడాలి. అక్కడ విరిగిన బొమ్మలు, బయట పోలీసు, తలుపు దగ్గర వాళ్ల అమ్మమ్మ. పాప నా ఒళ్లోకి వచ్చేది కాదు, గడియారం చూసేది. ఆ గదిలో ఎవరూ నాన్న కాలేరు.

మీడియేషన్‌లో మా మధ్యవర్తి మమ్మల్ని డబ్బు గురించి అడగడానికి ముందే ఇద్దరికీ చెరొక కాగితం ఇచ్చి పాప రోజు ఎలా గడుస్తుందో రాయమన్నారు. ఎన్నింటికి లేస్తుంది, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది. నేను నాలుగు లైన్లు రాశాను, ఆవిడ రెండు పేజీలు రాసింది. ఆ రెండు పేజీలు చదివాక నాకు కోపం రాలేదు, నాకు తెలియని పాప ఒకటి అందులో ఉంది. ఆ రోజే ఆ కోర్టు గది మానేద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. ఇప్పుడు మా అక్క వాళ్లింట్లో కలుస్తాను, ఆదివారం పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా. పాపకి ఉరుములంటే భయమని ఆ కాగితంలో చదివే తెలిసింది నాకు.

మా విడాకులు అయిపోయాయి. మేం స్నేహితులం కాలేదు, మాట్లాడుకోవాల్సినవి మాట్లాడుకుంటాం.


ఫ్రీమాంట్ పద్మ | గురువారం ఉదయం 9:33

కాలిఫోర్నియా నుంచి రాస్తున్నాను, ఇక్కడి తెలుగువాళ్లకి పనికొస్తుందని. ఇక్కడ పిల్లల కస్టడీ మీద ఒప్పందం లేకపోతే జడ్జి వినే ముందు మీడియేషన్ తప్పనిసరి. కానీ ఒక తేడా జాగ్రత్తగా చూడండి. కొన్ని కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) లోపల మాట్లాడినవి గోప్యం, కొన్ని కౌంటీల్లో మాత్రం ఒప్పందం కుదరకపోతే ఆ మీడియేటరే జడ్జికి సిఫారసు రాసి పంపుతారు. నాకు తెలిసిన అమ్మాయి ఇండియాలోలాగే అంతా రహస్యం అనుకుని మాట్లాడేసింది, తర్వాత సిఫారసులో తన మాటలే చూసి నీరుగారిపోయింది. వెళ్లేముందు మీ కౌంటీది ఏ పద్ధతో అడిగి తెలుసుకోండి.

ఇంకొకటి. ఇక్కడ విడాకులు తీసుకుంటే అక్కడ చెల్లుతాయా అని చాలామంది అడుగుతారు. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట కేసులో భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో తెచ్చుకున్న విడాకులని మన సుప్రీంకోర్టు 1991లో ఒప్పుకోలేదు. భార్య ఆ కోర్టుని ఒప్పుకుని అక్కడ నిజంగా పాల్గొనాలి, విడాకుల కారణం కూడా మన చట్టంలో ఉన్నదై ఉండాలి అని చెప్పింది. ఇద్దరూ ఇష్టపడి ముందే కూర్చుని మాట్లాడుకుంటే ఈ రెండు దేశాల పరుగు చాలా తగ్గుతుంది.


సుజాత_మలక్‌పేట | గురువారం మధ్యాహ్నం 12:20

వకీలుగారూ, ఒప్పందం కుదిరితే తర్వాత ఏం జరుగుతుందో కూడా రాయండి. మాకు ఆ దశలోనే ఎక్కువ భయం వేసింది.


బెజవాడ వకీలు | గురువారం రాత్రి 8:45

రాస్తాను. విడిపోవడానికే ఇద్దరూ ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టం 13బీ కింద పరస్పర అంగీకార విడాకులు. అప్పటికి ఏడాదికి పైగా విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేసిన తర్వాత రెండోసారి కోర్టు ముందుకు రావడానికి ఆరు నెలలు ఆగాలి. ఈ ఆరు నెలలు మాఫీ చేయవచ్చని 2017 సెప్టెంబర్లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర గడిచి ఉండాలి, రాజీ ప్రయత్నాలు అయిపోయి ఉండాలి, భరణం, పిల్లల విషయం తేలి ఉండాలి. తెనాలి తమ్ముడూ, మీవాళ్లు విడిగా ఉంటున్నది ఏడాదిన్నర అన్నారు కాబట్టి ఇది మీ లాయరుగారిని అడగండి.

రెండోసారి హాజరయ్యే లోపు ఎవరైనా మనసు మార్చుకుని సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. అందుకే డబ్బు ఒకేసారి ఇవ్వరు. కొంత మొదటిసారి, మిగతాది రెండోసారి జడ్జి ముందు డీడీగా ఇచ్చేలా రాసుకుంటారు. పెట్టిన కేసులన్నీ పేరుపేరునా ఒప్పందంలో ఉండాలి. 498ఏ ఉంటే అది ఎలా ముగుస్తుందో రాయాలి, చాలాసార్లు హైకోర్టుకి వెళ్లి క్వాష్ చేయించుకోవాల్సి, అంటే కొట్టేయించుకోవాల్సి వస్తుంది. ఇది మర్చిపోయి విడాకులైన రెండేళ్లకి సమన్లు అందుకున్నవాళ్లని చూశాను. పాప భరణం వద్దని తల్లి రాసిచ్చినా అది పాప హక్కుని తుడిచేయదు, కాబట్టి అలా రాయించుకుని నిశ్చింతగా ఉందామనుకోవద్దు. స్కూల్, ఆసుపత్రి, పాస్‌పోర్ట్ సంతకాలు, తాతయ్య నాయనమ్మల రాకపోకలు అన్నీ రాయండి. "పరస్పర అవగాహనతో" అని రాసి వదిలేసిన ప్రతి లైను దగ్గరా మళ్లీ గొడవే వస్తుంది.


విశాఖ కుర్రాడు | గురువారం రాత్రి 11:12

అఫిడవిట్ సంగతి మా లాయరు నాకు చెప్పనేలేదు. రేపు వెళ్లి అడుగుతాను. వేరే మీడియేటర్ దగ్గర ఇంకోసారి కూర్చోవాలా వద్దా ఆలోచిస్తున్నాను. ఆదివారం నాన్నగారూ, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను.


తెనాలి అన్నయ్య | మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:50

అందరికీ దండాలు. మొదటి సిట్టింగ్ అయింది, మీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

నీలిమగారూ, మీరు అడిగిన ప్రశ్న ఆ రాత్రే చెల్లిని అడిగాను. మేడ మీద కూర్చుని రెండింటి దాకా చెప్పింది. ఇక్కడ రాయను. ఏడాదిన్నర ఒకే ఇంట్లో ఉండి నేను అడగలేదు, అమ్మ అడగలేదు. మర్నాడే లాయరుగారితో చెప్పి, ముందు నుంచీ విడిగానే మాట్లాడాలని కబురు పంపించాం. ఒప్పుకున్నారు. మమ్మల్ని పది గంటలకి రమ్మన్నారు, బావవాళ్లని పదకొండున్నరకి.

వకీలుగారు చెప్పినట్టే నన్ను పది నిమిషాలకి బయట కూర్చోమన్నారు. కారిడార్లో బెంచీ మీద గంటా పది నిమిషాలు. ఒకసారి లోపల చెల్లి గొంతు పెద్దదైంది, లేవబోయాను, పక్కనున్న పెద్దాయన కూర్చోమన్నాడు. బయటికి వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ నా దగ్గరికి వచ్చి "అన్నయ్యా, ఆకలేస్తోంది" అంది. కోర్టు ఎదురుగా ఉన్న హోటల్లో రెండు దోసెలు తింది. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి నేను చెప్పిన మొదటి మాట అదే.

ఏమీ తేలలేదు ఇంకా. ఒక్కటి మాత్రం తేలింది. వచ్చే సిట్టింగ్ వరకు బావ పాపతో ప్రతి బుధ, శనివారాలు రాత్రి ఏడింటికి వీడియో కాల్ మాట్లాడతాడు, ఫోన్ నేను పట్టుకుంటాను, ఆ కాల్‌లో పెద్దవాళ్ల మాటలు రాకూడదు. ఈరోజే మొదటిది. పాప వాళ్ల నాన్నకి కొత్త చెప్పులు చూపించింది. కాల్ అయ్యాక అతను "థాంక్స్ బావా" అన్నాడు, నాకేం అనాలో తెలియలేదు.

నాన్న మాత్రం ఇంకా నమ్మడం లేదు. రెండో సిట్టింగ్‌కి తనూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటానంటున్నారు.

ఇప్పుడు ఇంకో సాయం కావాలి. వచ్చేసారి బంగారం, సామాన్ల లిస్టు తెమ్మన్నారు. పెళ్లిలో పెట్టిన నగలకి సగం బిల్లులు మా దగ్గర లేవు, కొన్ని మా నాయనమ్మవి చెరిపించి చేయించినవి. లిస్టు ఎలా రాయాలి?


సుజాత_మలక్‌పేట | శనివారం రాత్రి 10:21

తమ్ముడూ, పెళ్లి ఆల్బమ్ తీసి చెల్లిని పక్కన కూర్చోబెట్టుకో. ఏ ఫొటోలో ఏ నగ ఉందో ఫొటో నంబరుతో సహా రాయండి, బరువు తెలిస్తే తెలిసినంత, తెలియకపోతే ఖాళీ వదలండి, ఊహించి రాయొద్దు. బిల్లు ఉన్నవి ఒక పేజీ, లేనివి ఇంకో పేజీ. నాయనమ్మ నగలు చెరిపించిన కంసాలి ఇంకా ఉంటే ఆయన పుస్తకంలో రాసుకుని ఉంటాడు, అడుగు. ఇప్పుడు తన దగ్గరే ఉన్నవి కూడా దాచకుండా రాయమను, మాకు అక్కడే ఒక సిట్టింగ్ వృథా అయింది. ఆల్బమ్ తిరగేస్తుంటే తనకి కష్టంగా ఉంటుంది, ఒక్కరోజులో పూర్తి చేయమని తొందరపెట్టకు.